తప్పించుకు తిరిగే టెన్షన్‌కి మందా, థెరపీయా, సొంత సాధనా? ఎవరికి ఏది సరిపోతుంది

మాదాపూర్‌లో ఆఫీసు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు. ఒక సాయంత్రం అమీర్‌పేటలో మారి ఎల్బీ నగర్ వైపు మెట్రో ఎక్కాను, కాలు కదపడానికి చోటు లేదు, ఖైరతాబాద్ దాటిందో లేదో గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది, చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందట్లేదు, ఇక్కడే పడిపోతాను అనిపించింది. లక్డీకాపూల్‌లో జనాన్ని తోసుకుంటూ దిగి ప్లాట్‌ఫాం మీద కూర్చుంటే పది నిమిషాల్లో తగ్గింది. ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాను. ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు, గుండెకి ఏమీ లేదు, వచ్చింది పానిక్ అటాక్, అంటే ఒక్కసారిగా ముంచుకొచ్చే తీవ్రమైన భయం అన్నారు.

ఆ పది నిమిషాల కంటే తర్వాతి రెండేళ్లు నాకు ఎక్కువ నష్టం చేశాయి. మెట్రో మానేసి బండి తీశాను. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఎలా అని కింది రోడ్డు పట్టుకున్నాను. ఆ తర్వాత లిఫ్టు మానేశాను, ఆ తర్వాత సినిమా హాలు, ఆ తర్వాత జనం ఎక్కువుండే ఫంక్షన్ హాళ్లు. సొంత మేనమామ కూతురి పెళ్లిలో తలంబ్రాల వేళకి నేను బయట కార్లో కూర్చుని ఉన్నాను. ప్రతిసారీ ఏదో ఒక సాకు దొరికేది, అందరూ నమ్మేవాళ్లు, చివరికి నేనూ నమ్మేవాణ్ణి.

బయటపడటానికి దొరికిన ప్రతి దారీ పట్టాను, చాలావరకు తప్పు వరసలో. మీరు ఆ తప్పు చేయకూడదని ఇది రాస్తున్నాను. మీకున్నది మెట్రో భయం కాకపోవచ్చు. అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి కూడా మాక్ ఇంటర్వ్యూ రోజు జ్వరం అని చెప్పే కుర్రాడు ఉంటాడు, ఫోన్ మోగితే ఎత్తకుండా తర్వాత మెసేజ్ పెట్టే కొత్త కోడలు ఉంటుంది, రక్తపరీక్ష పేరు చెబితే ఏడాదికేడాది వాయిదా వేసే పెద్దాయన ఉంటాడు. భయం ఏదైనా అలవాటు ఒకటే, అందుకే ఏ దారి ఎంచుకోవాలో తేల్చే ప్రశ్న కూడా ఒకటే: ఈ పద్ధతి నన్ను భయపడే చోటికి దగ్గర చేస్తోందా, దూరంగా ఉండటాన్ని ఇంకాస్త సుఖంగా చేస్తోందా? కింద చెప్పే ప్రతిదాన్నీ ఈ ప్రశ్నతోనే కొలవండి.

ఏది మొదలుపెట్టినా ముందు ఒకసారి మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్లి రండి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, గుండె లయలో తేడా ఉన్నా ఇలాగే దడ, వణుకు, ఆయాసం వస్తాయి. రోజుకి ఆరేడు ఇరానీ చాయ్‌లు తాగేవాళ్లు అవి తగ్గించి చూడాలి, టీ కాఫీల్లోని కెఫిన్ దడని బాగా పెంచుతుంది. అయితే ఈ పరీక్షలు ఒకసారి చాలు. నేను ఏడాదిలో నాలుగు ఈసీజీలు తీయించుకున్నాను. మొదటిది అవసరం, మిగతా మూడూ భయం అడిగినవి.

తప్పించుకోవడం కూడా మనం ఎంచుకున్న దారే

దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ మనలో చాలామంది ఇప్పటికే ఎంచుకుని కూర్చున్నది ఇదే. దీని గుణం ఏమిటంటే వెంటనే పనిచేస్తుంది. మెట్రో మెట్ల దగ్గర్నించి వెనక్కి తిరిగిన మరుక్షణం ఒళ్లు తేలికపడుతుంది, ఏ మాత్రా అంత త్వరగా పనిచేయదు. చిక్కంతా అక్కడే ఉంది. 1947లో మౌరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దీన్ని రెండు మెట్లుగా వివరించాడు: ఒక చెడ్డ అనుభవం వల్ల భయం అంటుకుంటుంది, ఆ చోటు వదిలి వెళ్లగానే కలిగే హాయి ఆ భయాన్ని నిలబెడుతుంది. వెళ్లి ఉంటే ఏమయ్యేదో మనసుకి తెలిసే అవకాశమే రాదు కాబట్టి, వెళ్లకపోవడం వల్లే బతికాను అని అది లెక్క రాసుకుంటుంది. మర్నాడు ఇంకాస్త ముందే వెనక్కి తిరుగుతాం.

చూడటానికి ధైర్యంలా కనిపించే తప్పించుకోవడాలు కూడా ఉన్నాయి, ఇవి పట్టుకోవడం కష్టం. మెట్రో ఎక్కుతాను కానీ తలుపు పక్కనే నిలబడతాను, చేతిలో నీళ్ల సీసా ఉండాలి, పర్సులో మాత్ర ఉండాలి, దారిపొడవునా మా ఆవిడ ఫోన్‌లో లైన్‌లో ఉండాలి. పెళ్లికి వెళ్లి వంటవాళ్ల దగ్గరే నిలబడటం, మీటింగులో కెమెరా ఆపేసి కూర్చోవడం, మాట్లాడే ప్రతి వాక్యం ముందే రాసిపెట్టుకోవడం కూడా ఈ బాపతే. ఇవి ఉన్నంతకాలం ఎన్నిసార్లు వెళ్లినా భయం తగ్గదు, ఎందుకంటే గట్టెక్కించింది సీసానే అని మనసు నమ్ముతుంది.

శ్వాస, ధ్యానం, దేవుడు

నేను మొదట పట్టింది ఇదే. ప్రాణాయామం, యాప్‌లో ధ్యానం, ఉదయం కేబీఆర్ పార్కు చుట్టూ నడక. నిద్ర బాగుపడింది, చిరాకు తగ్గింది, మొత్తంగా ఒంట్లో టెన్షన్ ఒక మెట్టు దిగింది. కానీ ఆరు నెలల తర్వాత కూడా మెట్రో ఎక్కలేదు. గట్టు మీద ఎంత సాధన చేసినా ఈత రాదు కదా. రోజంతా కారణం లేకుండా ఏదో ఒక బెంగతో ఉండేవాళ్లకు ఇవి మంచి ఆసరా, ఒక ప్రత్యేకమైన చోటికో పనికో భయపడేవాళ్లకు ఇవి మాత్రమే చాలవు. పైగా దడ మొదలవగానే దాన్ని ఆపడానికి గబగబా శ్వాస లెక్కపెట్టడం మొదలుపెడితే అది కూడా నీళ్ల సీసా లాంటిదే అయిపోతుంది.

మా అమ్మ దిష్టి తీసింది, ఆంజనేయస్వామి గుడిలో ఆకుపూజ చేయించింది, తాయెత్తు కట్టించింది. వాటిని నేను ఎప్పుడూ తక్కువ చేయను, ఆవిడ ప్రేమ అది, నాకు ధైర్యం కూడా ఇచ్చింది. అవి ఉంచుకునే డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు, రెంటికీ గొడవ లేదు. వైద్యం ఆలస్యం కానంతవరకే ఈ మాట.

సొంత సాధన, మెట్టు మెట్టుగా

నన్ను నిజంగా బయటికి తెచ్చినది ఇది, అందుకే కాస్త విడమరిచి చెప్తాను. కొత్త విషయమేమీ కాదు. 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్న పిల్లాడికి, వాడు తింటూ ఉండగా కుందేలుని కొంచెం కొంచెం దగ్గరికి తెస్తూ భయం పోగొట్టింది. 1950ల్లో జోసెఫ్ వోల్పే అనే దక్షిణాఫ్రికా డాక్టర్ దీన్ని ఒక వైద్యంగా తీర్చిదిద్దాడు, భయాన్ని 0 నుంచి 100 వరకు అంకెల్లో చెప్పించే పద్ధతి కూడా ఆయనదే. ఇప్పుడు థెరపిస్టులు ఎక్స్‌పోజర్ అనేది దీన్నే.

నేను భయపడే పనుల్ని తక్కువ నుంచి ఎక్కువకి ఒక కాగితం మీద మెట్లుగా రాసుకుని, ఒక్కోదాని పక్కన ఆ భయం అంకె వేసుకున్నాను. అది ఇలా ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ మెట్లెక్కి టికెట్ కౌంటర్ దగ్గర పావుగంట నిలబడటం, 30. ఆదివారం పొద్దున ఖాళీ రైల్లో ఒక్క స్టేషన్, మూసారాంబాగ్ దాకా, 45. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా, 55. లక్డీకాపూల్‌లో దిగి, నేను ఆరోజు కూర్చున్న చోటే పది నిమిషాలు కూర్చోవడం, 70. అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా, 80. సాయంత్రం ఆరున్నరకి అదే రద్దీలో, తలుపుకి దూరంగా, ఫోన్ బ్యాగులో పెట్టి ఇంటిదాకా, 100.

ఎక్కే ముందు ఒక వాక్యం రాసేవాణ్ణి: ఇవాళ ఏమవుతుందని నా భయం? "కళ్లు తిరిగి పడిపోతాను, అందరూ గుమిగూడతారు." దిగాక ఇంకో వాక్యం: ఏమైంది? "చెమట పట్టింది, పడిపోలేదు, ఎవరూ నావైపు చూడలేదు." ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ అసలు మందు ఇదే అని నా నమ్మకం, ఎందుకంటే భయం తగ్గినా తగ్గకపోయినా అనుకున్నది జరగలేదు అన్న లెక్క మిగులుతుంది. దడ సున్నా అయ్యేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. పానిక్ సాధారణంగా పది నిమిషాల్లో శిఖరానికి చేరి దిగడం మొదలవుతుంది, ఆ శిఖరం మీద ఉండగా పారిపోకుండా ఉంటే చాలు. పడిపోతామన్న భయం గురించి కూడా ఒక మాట: పానిక్‌లో రక్తపోటు సాధారణంగా పెరుగుతుంది, స్పృహ తప్పడం రక్తపోటు పడిపోయినప్పుడు జరిగేది, కాబట్టి పానిక్‌లో కళ్లు తిరుగుతున్నట్టు అనిపించినా నిజంగా స్పృహ తప్పడం చాలా అరుదు.

నేను చేసిన పొరపాటు నెలకోసారి చేయడం. ప్రతిసారీ మొదటికి వచ్చేది. వారానికి మూడు నాలుగుసార్లు, వేర్వేరు వేళల్లో, వేర్వేరు బోగీల్లో ఎక్కడం మొదలుపెట్టాక రెండు నెలల్లోనే తేడా కనిపించింది. ఈ దారికి డబ్బు ఖర్చు లేదు, టికెట్ డబ్బులు తప్ప. కానీ క్రమం కావాలి, రాసుకునే ఓపిక కావాలి. భయం ఒకటి రెండు చోట్లకే పరిమితమై, ఉద్యోగం, నిద్ర, తిండి ఇంకా నడుస్తున్నవాళ్లు ముందు దీన్నే ప్రయత్నించండి. ఆరు వారాలు నిజాయతీగా చేశాక కూడా మొదటి మెట్టు దగ్గరే ఉంటే మీలో లోపం ఉందనుకోకండి, తోడు కావాలని అర్థం.

రక్తం, సూది చూస్తే భయపడేవాళ్ల సంగతి మాత్రం వేరు. వాళ్లలో కొందరికి నిజంగానే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పుతుంది. వాళ్లు ఒళ్లు వదులు చేయకూడదు, బిగించాలి. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు ముఖం వెచ్చబడేదాకా ఒక పది పదిహేను సెకన్లు బిగపట్టి, వదిలి, అర నిమిషం ఆగి మళ్లీ, ఇలా ఐదుసార్లు. స్వీడన్‌కి చెందిన లార్స్ గోరాన్ ఓస్ట్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇంట్లో కొన్నాళ్లు అలవాటు చేసుకుని ల్యాబ్‌కి వెళ్లండి, సూది గుచ్చే చెయ్యి మాత్రం వదులుగా ఉంచండి.

థెరపిస్టా, కౌన్సెలరా

హైదరాబాద్‌లో బోర్డులకు కొదవ లేదు, ఎంచుకోవడంలోనే కష్టం. కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్ట్, అంటే థెరపీలో శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర సంస్థలో రిజిస్టర్ అయి ఉండాలి, నంబర్ అడగడంలో తప్పేమీ లేదు. నేను మొదట కలిసిన ఒక కౌన్సెలర్ రెండు నెలలు నా చిన్నతనం గురించి ఎంతో శ్రద్ధగా విన్నారు. మనసు తేలికైంది, అంతే. ఒక్కసారి కూడా స్టేషన్ మెట్లెక్కించే మాట రాలేదు. అందుకే మొదటి ఫోన్‌లోనే అడగండి: సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే థెరపీ) చేస్తారా, ఎక్స్‌పోజర్ చేయిస్తారా, సెషన్ల మధ్య నేను ఇంట్లో ఏం చేయాలి? మూడో ప్రశ్నకి "ఏమీ అక్కర్లేదు" అంటే ఇంకొకరిని వెతకండి. మామూలుగా వారానికి ఒకటి చొప్పున మూడు నాలుగు నెలలు పడుతుంది, కాబట్టి ఒక సెషన్ ఫీజు అడిగి ఊరుకోకుండా మొత్తం ఎంతవుతుందో లెక్కేసుకుని మొదలుపెట్టండి. సగంలో ఆపడం కంటే పదిహేను రోజులకి ఒకటి పెట్టుకోవడం నయం.

ఇంకో సంగతి, భాష. ఇక్కడ చాలామంది ఇంగ్లీషులోనో హిందీలోనో చేస్తారు. నాకు రెండూ వచ్చు, అయినా గుండె గుభేల్‌మనడం, కాళ్లలో సత్తువ జారిపోవడం, లోపల ఏదో గాబరా, ఇవి నేను తెలుగులో చెప్పగలిగినట్టు ఇంకో భాషలో చెప్పలేకపోయాను. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలని మొహమాటం లేకుండా అడగండి, ముఖ్యంగా అమ్మనో నాన్ననో తీసుకెళ్తుంటే.

ఆన్‌లైన్ సెషన్ మంచిదా, నేరుగా వెళ్లడమా అంటే, ఇంట్లోంచి అడుగు బయటపెట్టలేని స్థితిలో ఉన్నవాళ్లకు ఆన్‌లైన్ వరం లాంటిది, అక్కడ మొదలుపెట్టండి. మనుషుల్ని ఎదుర్కోవడమే భయమైతే మాత్రం కొన్ని వారాల తర్వాత నేరుగా వెళ్లడమే ఒక మెట్టుగా పెట్టుకోవాలి.

సైకియాట్రిస్ట్, మందులు

మందులంటే మన ఇళ్లలో రెండే అభిప్రాయాలు, అలవాటైపోతాయి అని ఒకటి, మాత్ర వేసుకుంటే చాలు అని ఇంకొకటి. రెండూ వేర్వేరు మందుల్ని కలిపేయడం వల్ల వచ్చినవే.

ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి ఒక రకం. రోజూ వేసుకోవాలి, పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, మొదటి వారం పది రోజులు కొందరికి టెన్షన్ కాస్త పెరిగినట్టు ఉంటుంది, చాలామంది అక్కడే ఆపేసి "నాకు పడలేదు" అంటారు. ఆపకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి. బాగయ్యాక కూడా కొన్ని నెలలు వాడి, డాక్టర్ చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించాలి, ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, చిరాకు వస్తాయి. ఇవి వ్యసనంగా మారే మందులు కావు.

అల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్ ఇంకో రకం. గంటలోపే హాయి ఇస్తాయి, అందుకే ప్రమాదం. వారాల తరబడి రోజూ వాడితే ఒళ్లు అలవాటు పడుతుంది, మద్యంతో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. వీటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, తెలిసిన మెడికల్ షాపు వాడు ఇస్తున్నాడని కొనకండి. నా మొదటి ప్రశ్నతో కొలిస్తే కూడా ఇవి ఓడిపోతాయి: మాత్ర వేసుకుని మెట్రో ఎక్కితే గెలిచింది మాత్రే, నేను కాదు. తీవ్రంగా ఉన్న కొద్ది రోజులకి డాక్టర్ రాస్తే తప్ప వీటి జోలికి వెళ్లొద్దు. ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఇది చదివి సొంతంగా ఆపకండి, అది మరీ ప్రమాదం.

స్టేజీ ఎక్కేముందు వణుకు తగ్గడానికి ప్రొప్రనొలోల్ రాస్తారు కొందరికి. ఆస్తమా ఉన్నవాళ్లకు అది పనికిరాదు, కాబట్టి స్నేహితుడి మాత్ర అరువు తీసుకోవద్దు.

నిద్ర పోయింది, ఉద్యోగానికి వెళ్లలేకపోతున్నారు, పానిక్ వారానికి చాలాసార్లు వస్తోంది, లేదా దిగులు కూడా కమ్ముకుంది అంటే మెట్ల కాగితం పక్కనపెట్టి ముందు సైకియాట్రిస్ట్‌ని కలవండి. మందుతో కాస్త నిలదొక్కుకున్నాక సాధన మొదలుపెట్టొచ్చు, చాలామందికి రెండూ కలిసి బాగా పనిచేస్తాయి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే ఇంకేమీ పోల్చుకోకండి, ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పి ఆస్పత్రికి వెళ్లండి, లేదా 14416కి ఫోన్ చేయండి.

ఆ నంబర్ టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌ది, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మూడు నెలల థెరపీకి అది బదులు కాదు గానీ, ఎవరికి చెప్పాలో తెలియక రాత్రి రెండింటికి కూర్చున్నవాళ్లకు మొదటి మాట కలపడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

డబ్బు ఇబ్బంది ఉంటే గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి, ఎర్రగడ్డలో మానసిక చికిత్సాలయం ఉంది. ఎర్రగడ్డ పేరుని ఈ ఊళ్లో తిట్టుగా వాడతారు, "ఎర్రగడ్డలో వేయిస్తా" అనడం మనందరం విన్నదే, ఆ ఒక్క మాట వల్ల ఎంతమంది గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చారో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. ఓపీలో చూపించుకుని మందులు తీసుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేవాళ్లు ఎందరో. రద్దీ ఉంటుంది, డాక్టర్ మీతో ఎక్కువసేపు మాట్లాడలేకపోవచ్చు, కాబట్టి మందుల విషయంలో సర్కారు ఆస్పత్రి, మాట్లాడే థెరపీకి వీలైతే బయట, ఇలా కలుపుకోవడం కుదిరేవాళ్లకు మంచి పద్ధతి. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు పాలసీ తీసి చూడండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే దీనికీ బీమా ఇవ్వాలంటుంది, కానీ చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే కడతాయి, ఓపీ ఖర్చు వస్తుందా అని విడిగా అడగాలి.

ఇంట్లోవాళ్ల తోడు

తోడు వెళ్లడమా, వదిలేయడమా అని ఇంట్లోవాళ్లకూ ఒక ఎంపిక ఉంటుంది. "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అని తోసేయడం పనిచేయదు, "నీకు కష్టమైతే మానెయ్" అని ముద్దు చేయడం అంతకంటే పనిచేయదు. మా ఆవిడ మొదట నా పక్కనే కూర్చుంది, రెండో వారం పక్క బోగీలో, ఆ తర్వాత ఎంజీబీఎస్ ప్లాట్‌ఫాం మీద నాకోసం ఎదురుచూస్తూ, చివరికి ఇంట్లోనే. ఒక్కో మెట్టుకి తన తోడు ఒక్కో పాలు తగ్గించుకుంటూ వచ్చింది. ఎప్పుడు తగ్గించాలో ముందే ఇద్దరం కూర్చుని రాసుకున్నాం, దడలో ఉన్నప్పుడు బేరాలు లేకుండా.

మళ్లీ రావడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వస్తుంది. పోయిన వానాకాలం జ్వరంతో రెండు వారాలు ఇంట్లోనే ఉన్నాను, తిరిగి స్టేషన్ మెట్లెక్కుతుంటే పాత దడ అదే చోట పలకరించింది. ఆ కాగితం బీరువాలోంచి తీసి రెండు మెట్లు కిందికి దిగాను. ఆ ఆదివారం పొద్దున మూసారాంబాగ్ దాకా వెళ్లి వచ్చాను, మధ్యాహ్నం ఎంజీబీఎస్ దాకా ఇంకోసారి. సోమవారం ఆఫీసుకి బండి తీయలేదు.